జంటముళ్ళ వాచీ

మార్చి 2

వచ్చింది!

మార్చి 3

నిన్న అంతకుమించి రాయబుద్ధి కాలేదు. చేతికి పెట్టుకుని చూసుకోవడంతోనే సరిపోయింది. ఎన్నేళ్ళుగానో పేరు రాయించుకుని ఎదురుచూసిన వాచీ, పుట్టింటికి వచ్చినంత చనువుగా నా ఎడమ మణికట్టు మీద కూర్చుంది.

క్రోనోగ్రాఫులు చాలామంది దగ్గర ఉంటాయి. పక్కనున్న బటన్ నొక్కితే పొడుగు సెకన్ల ముల్లు పరుగు తీస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, కింది బటన్ నొక్కితే బుద్ధిగా పన్నెండు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నా దగ్గరున్న పాతవన్నీ అలాంటివే. ఇది జంటముళ్ళది. రెండు ముళ్ళు ఒకదానిమీద ఒకటి పడుకుని ఒకే ముల్లులా పరుగెడతాయి. కీ ఇచ్చే బొడిపె మధ్యలో ఉన్న బటన్ నొక్కామా, ఒకటి టక్కున ఆగుతుంది, రెండోది దాని మానాన అది పోతుంది. మళ్ళీ నొక్కితే ఆగినది ఒక్క గెంతు గెంతి రెండోదాన్ని కలుసుకుంటుంది. ఆ గెంతు కోసమే నేను ఇంతకాలం పడిగాపులు పడింది. బ్యాటరీ లేదు, ఏమీ లేదు. అన్నీ పళ్ళచక్రాలు, స్ప్రింగులు. పళ్ళ డాక్టరుని, పళ్ళచక్రాల మీద నేను మోజు పడకపోతే ఇంకెవరు పడతారు?

మా ఆయనకి చూపించాను. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి, కనీసం ఆ ఏర్పాటుకైనా ముచ్చట పడతారనుకున్నాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇంతకీ టైమెంతయిందోయ్?" అన్నారు.

జాలిపడి ఊరుకున్నాను.

మార్చి 6

కెప్టెన్ గారు వాచీ చూడటానికి వచ్చారు. విమానాలు నడిపి రిటైరైనా ఆయన్ని అందరం కెప్టెన్ అనే పిలుస్తాం. మా వాచీల సంఘానికి ఆయనే పెద్ద. సంఘంలో అందరూ మగవాళ్ళే, నేనొక్కదాన్నే ఆడదాన్ని. చేరిన కొత్తలో నా వాచీలు చూసి "మీవారివా అండీ?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎవరైనా వాచీ కొనాలంటే ముందు నాకు ఫోన్ చేస్తారు.

ఆయన జేబులోంచి భూతద్దం తీసి, వెనక అద్దంలోంచి లోపలి చక్రాలు చూసి, పెద్ద నిట్టూర్పు విడిచారు. అది అసూయ. నాకు అంతకంటే మంచి సంగీతం లేదు.

"డాక్టరుగారూ, వచ్చేనెల ప్రదర్శనలో నడి హాల్లో పెద్దబల్ల మీదే. మీ వాచీలన్నీ పెట్టండి. దీన్ని నడిపించి, నాలుగు ముక్కలు మాట్లాడండి."

పెద్దబల్ల! ప్రతి ఏడూ దానిమీద కెప్టెన్ గారి వాచీలే.

"జంటముళ్ళ బటన్ కాస్త బిగుతుగా ఉందండీ, కొత్తది కదా," అన్నాను.

ఆయన నొక్కి చూశారు. "బిగుతా? వెన్నలా ఉందండీ."

విమానాలు నడిపిన బొటనవేలు అది. దానికి ఏదైనా వెన్నే.

మార్చి 11

క్లినిక్‌లో ఈరోజు ముగ్గురికి పళ్ళ అచ్చులు తీశాను. పేస్టు నోట్లో పెట్టగానే క్రోనోగ్రాఫు నొక్కుతాను, గట్టిపడే వేళకి ఆపుతాను. ఎన్నేళ్ళుగానో అదే అలవాటు. మా అమ్మాయి మాత్రం ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటుంది. అది కోడిపిల్లలా కీచుమంటుంది.

"ఫోన్‌కీ దీనికీ తేడా ఏంటమ్మా? అచ్చు అచ్చే కదా!" అంది.

"నీ ఫోన్ రెండేళ్ళకి చెత్తబుట్టలో పడుతుంది. ఇది నీ మనవరాలి చేతికి ఉంటుంది."

"దానికి ముందు నాకు పెళ్ళవ్వాలి," అని గ్లవ్స్ తొడుక్కుంటూ వెళ్ళిపోయింది. నా పక్క గదిలోనే ప్రాక్టీసు. పని బాగా చేస్తుంది, కానీ పేషెంట్లు మాత్రం "పెద్ద డాక్టరమ్మే కావాలి, ఆవిడ చెయ్యి తేలిక" అంటారు. నేనేం చేయను, నిజమే మరి.

మార్చి 15

ఈ కొత్త పెన్ను బాగాలేదు. లైను చివరికి వచ్చేసరికి అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి.

మార్చి 20

వాచీని షోరూముకి పంపి బటన్ చూడమన్నాను. ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. చేతకాకపోతే అదే మాట చెప్తారు. వాళ్ళతో గొడవ పెట్టుకోవడం నా స్థాయి కాదు.

మార్చి 24

సాయంత్రం నడకలో మా ఆయన ఉన్నట్టుండి ఆగి నా వెనక్కి వెళ్ళి నడిచారు. "ఏం చూస్తున్నారు?" అంటే, "నీ కుడిచెయ్యి ఊగట్లేదోయ్. ఎడమది ఊగుతోంది, అది ఊరికే వేలాడుతోంది," అన్నారు.

"కొత్త వాచీ ఎడమచేతికి పెట్టానని కుడిచెయ్యి అలిగింది," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆయనకి హాస్యం ఎప్పుడూ ఆలస్యంగా అందుతుంది.

మార్చి 28

ప్రదర్శన కోసం పాత వాటికి బెల్టులు మారుస్తున్నాను. తెల్ల డయల్ దానికి స్క్రూడ్రైవర్ జారి వెనకవైపు గీత పడింది. నా చేతిలో ఒక వాచీకి గీత పడటం ఇదే మొదలు. ఏడుపొచ్చింది. చౌకరకం స్క్రూడ్రైవర్లు.

(చౌకరకం కాదు. మంచివే. నేనే ఏరి కొన్నాను.)

ఏప్రిల్ 2

ఈరోజు పని తొందరగా ముగిసింది. బడి హెడ్‌మిస్ట్రెస్ గారికి రూట్ కెనాల్ చేస్తుండగా ఫోన్ వచ్చింది. అమ్మాయిని పిలిచి మిగతాది అప్పగించాను.

ఏప్రిల్ 3

ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 4

రాసేస్తాను. ఎవరు చదవొచ్చారు కనుక.

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పూర్తిగా నామీద భారం వేసి పడుకున్నారు. నా ఎడమచేతిలో చిన్న అద్దం. కుడిచేతిలో డ్రిల్లు. ఇంకా పంటిని తాకలేదు. అద్దంలో చూస్తే డ్రిల్లు మొన చిన్న సున్నా చుడుతోంది. ఆగమన్నాను. మనసులోనే. ఆగలేదు. మళ్ళీ చుట్టింది.

ఇన్నేళ్ళలో ఈ చెయ్యి నా మాట వినకపోవడం ఎరగను. మొనని నోట్లోంచి బయటికి తీసి, ట్రేలో పెట్టి, "ఒక్క నిమిషమండీ, ఫోన్ వస్తోంది," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. నాకు నేనే ఆశ్చర్యపోయాను.

అమ్మాయి వచ్చింది, ఏమీ అడగకుండా నా కుర్చీలో కూర్చుంది, పని పూర్తిచేసింది. సాయంత్రం పేషెంట్లంతా వెళ్ళాక, పరికరాలు ఉడికే పెట్టె చప్పుడు ఒక్కటే మిగిలాక, నా ఎదుటి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఏదని నన్నడుగుతావేంటి?"

"వాచీ బటన్ బిగుతుగా ఉందని..."

"నేను వాచీ సంగతి అడగలేదమ్మా."

నా కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. బొటనవేలూ చూపుడువేలూ మందు మాత్ర ఏదో నలుపుతున్నట్టు కదులుతున్నాయి. దానిమీద ఎడమచెయ్యి వేసి కప్పాను. అమ్మాయి ఆ ఎడమచేతిని తీసి పక్కన పెట్టింది. చిన్నప్పుడు దాని జడ వేసేటప్పుడు అడ్డొచ్చిన చేతిని నేను అలాగే తీసి పక్కన పెట్టేదాన్ని.

"నాన్నకి నువ్వు చెప్పు," అన్నాను.

"నేనెందుకు చెప్తాను? నీకు నోరు లేదా?"

నా కూతురే. సందేహం లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన చదువుతున్న పేపరు మడిచారు. "లెక్క నాకెప్పుడో తేలిందోయ్. జవాబు నువ్వే రాస్తావని చూస్తున్నా," అన్నారు.

ఏప్రిల్ 9

మెదడు, నరాలు చూసే డాక్టరు నాతో కాలేజీలో చదివింది. హాస్టల్లో నా పక్క మంచం. వేలూ వేలూ తాటించమంది, పిడికిలి మూసి తెరవమంది, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిపించింది. కాగితం మీద రెండు లైన్లు రాయమంది. అది చూసి కళ్ళజోడు తీసేసింది.

"ఏమే, నువ్వూ డాక్టరువే కదా! ఇన్నాళ్ళు ఏం చేస్తున్నట్టు?"

"వాచీని తిట్టుకుంటున్నాను."

నవ్వింది. తర్వాత నవ్వు మానేసింది. పార్కిన్సన్స్ అంది. ఆ మాట దాని నోటినుంచి రాకముందే నాకు తెలుసు. నెలరోజులుగా తెలుసు. పెన్నుకీ, స్క్రూడ్రైవరుకీ, షోరూము వాళ్ళకీ పంచిపెట్టాను, నా వంతుకి రాకుండా.

"మందులు బాగా పనిచేస్తాయే. తింటావు, తిరుగుతావు, మీ ఆయన్ని సతాయిస్తావు. చాలా ఏళ్ళు హాయిగా ఉంటావు. కానీ డ్రిల్లు పట్టకు."

"అసలు పట్టొద్దా?"

"నీ పంట్లో నువ్వే డ్రిల్లు పెట్టించుకుంటావా, ఈ చేత్తో?"

చదువుకునే రోజుల్లోనూ దానికి మెత్తగా మాట్లాడటం రాదు. మా ఆయన నా బ్యాగు మోసుకుంటూ వెనకాల వచ్చారు.

ఏప్రిల్ 10

వేటికీ కీ ఇవ్వలేదు. ఆగితే ఆగనీ.

ఏప్రిల్ 13

కెప్టెన్ గారికి ఫోన్ చేసి, ప్రదర్శన వేళకి ఊళ్ళో ఉండనని చెప్పాను.

"అయ్యో, డాక్టరుగారూ! పెద్దబల్లకి మీకోసం కొత్త వెల్వెట్ బట్ట కూడా కుట్టించాం. సరేలెండి, ఏం చేస్తాం. పోయినేడు లాగే నావి సర్దేస్తాను."

సర్దేస్తారట! గొంతులో ఆ ఉత్సాహం చూడాలి. పోయినేడు పెట్టిన వాటిలో ఒకదాని ముళ్ళు అసలువి కావు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు, మర్యాదకి ఊరుకున్నాను. అవి మళ్ళీ పెద్దబల్ల మీద! నా జంటముళ్ళది అలమరలో పడుకుని ఉండగా!

ఆ కోపంతో అన్నం సహించలేదు. మా ఆయన నా పక్కన కూర్చుని, వణుకుతున్న చేతిని కాసేపు చూసి, చాలా గంభీరంగా అన్నారు: "ఒక లాభం ఉందోయ్. చెయ్యి ఊపితే వాటంతటవే కీ ఎక్కే వాచీలున్నాయి కదా నీ దగ్గర? అవి ఇక ఆగవు."

ప్లేటు విసిరేద్దామనిపించింది. అంతలో నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే ఉన్నారు గానీ ఆయన కళ్ళు మాత్రం నవ్వట్లేదు. లేచి వంటింట్లోకి మంచినీళ్ళ కోసం వెళ్ళారు. నీళ్ళ జగ్గు బల్లమీదే ఉంది.

సాయంత్రం కెప్టెన్ గారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఊరి ప్రయాణం రద్దయిందని చెప్పాను.

ఏప్రిల్ 18

ఎడమచేత్తో సాధన. బల్లమీద మెత్తటి గుడ్డ, దానిమీద వాచీ. చూపుడువేలు ఇటువైపు ఆసరా, బొటనవేలు అటువైపు కీ మీద. ఈ ఎడమ బొటనవేలు ఇన్నాళ్ళు జమీందారులా కూర్చుని తింది. దానికి పని చెప్తే ఎక్కడలేని కష్టం. ముందు నొక్కుతుంది, లేదా తర్వాత నొక్కుతుంది. నొక్కాల్సిన క్షణంలో మాత్రం ఆలోచిస్తుంది.

అమ్మాయి భోజనానికి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది.

"కాలేజీలో మొదటిసారి నేను సూది పట్టుకున్నప్పుడు ఏమన్నావో గుర్తుందా? వేలితో కాదే, మోచేతితో పట్టుకో అన్నావు."

మోచెయ్యి బల్లకి ఆనించాను. నొక్కాను. ఒక ముల్లు ఆగింది, ఒకటి పోయింది. మళ్ళీ నొక్కాను. గెంతింది.

అమ్మాయి కంచం పెట్టుకుని పక్కనే కూర్చుని తింది.

ఏప్రిల్ 27

ఇంకా ఒళ్ళు తేలిపోతూనే ఉంది. వరసగా రాయాలి.

ప్రదర్శన హాలు నిండా జనం. పెద్దబల్ల మీద ముదురు నీలం వెల్వెట్ బట్ట, దానిమీద నా వాచీలు, మధ్యలో జంటముళ్ళది. ఎడమవైపు గోడవార బల్ల కెప్టెన్ గారిది. (అసలువి కాని ముళ్ళ వాచీ తీసుకురాలేదు. మంచి పని చేశారు.) మా ఆయన, అమ్మాయి మొదటి వరసలో. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కూర్చున్నారు.

నా పేరు పిలిచారు. లేచి వెళ్ళాను. కుడిచెయ్యి చీర కొంగు కింద పెట్టుకున్నాను. మైకు ముందుకి వెళ్ళాక, అందరి కళ్ళూ వాచీలమీద ఉన్నాయని చూసుకుని, ఒక్క క్షణం అనిపించింది: ఎవరికీ తెలియకుండా ఇలాగే గట్టెక్కిపోవచ్చు.

కానీ నేను దాచుకుని నిలబడే మనిషినా? ఏ వాచీ దాచాను కనుక ఈ చెయ్యి దాచడానికి?

కొంగు తీసేశాను.

"నా కుడిచేతికి జబ్బు చేసింది. ఇలా వణుకుతూ ఉంటుంది. ఇంకా వణుకుతుంది కూడా. అందుకని ఈరోజు ఎడమచేత్తో చూపిస్తాను. మీరు నా చెయ్యి చూస్తూ కూర్చుంటే ముల్లు గెంతడం కనపడకుండా పోతుంది, నా పూచీ లేదు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎవరో నవ్వారు. తర్వాత అందరూ.

"ఇద్దరు కావాలి. ఆ తలుపు దగ్గర్నుంచి ఈ బల్ల దాకా నడవాలి. ముందొచ్చినవాళ్ళ టైము ఒక ముల్లు పట్టుకుంటుంది, వెనకొచ్చినవాళ్ళది రెండోది."

కెప్టెన్ గారు లేచారు. ఆయనకి పోటీగా మా సంఘంలో ఎప్పుడూ బో టై కట్టుకుని తిరిగే నగల వ్యాపారి లేచాడు. ఇద్దరూ ఎంత పెద్దమనుషులంటే, తలుపు దగ్గర నిలబడి "మీరు ముందు", "అబ్బే, మీరే" అని మర్యాదలు చేసుకున్నారు. నేను పై బటన్ నొక్కి "నడవండి" అనగానే మర్యాదంతా పోయింది. మోచేతులతో పొడుచుకుంటూ, పరుగు కాని పరుగులో వచ్చేశారు. బో టై ఆయన ముందు బల్ల తాకాడు.

నొక్కాను. ముల్లు ఆగలేదు.

బటన్ సగమే దిగింది. రెండు ముళ్ళూ కలిసే పోతున్నాయి, నేనేదో చెప్పానని కూడా వాటికి తెలియనట్టు. కెప్టెన్ గారు రొప్పుతూ వచ్చి బల్లకి ఆనుకున్నారు, నన్ను చూశారు, మెల్లగా చెయ్యి చాపారు. "నేను నొక్కనా డాక్టరుగారూ?"

ఎంతో మంచిగా అన్నారు. అసూయ లేదు, ఏమీ లేదు. అదే భరించలేకపోయాను.

"మీరు నడిచే మనిషి కెప్టెన్ గారూ. నొక్కేది నేను. మళ్ళీ వెళ్ళండి తలుపు దగ్గరికి."

"మళ్ళీనా!"

"ఓడిపోయారు కదా, గెలవాలని లేదా?"

వెళ్ళారు. అమ్మాయి తన మోచేతిని తట్టి చూపించింది. ముళ్ళని ఆపి పన్నెండు దగ్గరికి తెచ్చి, మోచెయ్యి బల్లమీద ఆనించి, పై బటన్ నొక్కాను. "నడవండి."

ఈసారి కెప్టెన్ గారు కోటు విప్పేసి మరీ వచ్చారు. ఆయన చెయ్యి బల్లకి తగలడం, నా బొటనవేలు దిగడం ఒక్కటే చప్పుడు. టక్. ఒక ముల్లు నిలబడిపోయింది. రెండోది ఏ తొందరా లేకుండా ముందుకి సాగింది. బో టై ఆయన వచ్చి తాకాడు, పై బటన్ నొక్కాను, అదీ ఆగింది. రెండు ముళ్ళ మధ్య సన్నటి సందు.

"అదీ మీ ఇద్దరికీ ఉన్న తేడా," అన్నాను. కీ మధ్య బటన్ ఇంకోసారి నొక్కాను. వెనకబడ్డ ముల్లు గెంతి రెండోదానిమీద వాలింది. రెండూ ఒకటే ముల్లు.

హాలంతా లేచి నిలబడింది. మా ఆయన వాచీ కోసం చప్పట్లు కొట్టడం నేను చూడటం ఇదే మొదలు. పక్కవాడితో "ఆవిడ మా ఆవిడండీ" అంటున్నారు, అడక్కపోయినా.

కెప్టెన్ గారు కోటు తొడుక్కుంటూ నా దగ్గరికి వచ్చి, "రెండోసారి నేనే గెలిచాను కదా?" అన్నారు.

"వాచీ అదే చెప్తోంది," అన్నాను.

ఏప్రిల్ 28

చెయ్యి బాగా వణికింది ఈరోజు. పడుకున్నాను. అయినా సరే.

మే 6

ఈ వారం క్లినిక్‌లో నా కుర్చీ మార్చేశాను. నోరు చూడటం, ఏం చేయాలో చెప్పడం, భయపడేవాళ్ళతో మాట్లాడటం నాది. డ్రిల్లు అమ్మాయిది. మొదటిరోజు నా తెల్లకోటు తొడుక్కుని, పట్టుకోవడానికి ఏమీ లేక, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఆ గంట బాగాలేదు. అంతే రాస్తాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు రూట్ కెనాల్ చేసిన పంటికి తొడుగు వేయించుకోవడానికి వచ్చారు. నేను పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉన్నాను, పనంతా అమ్మాయి చేసింది. ఆవిడ మామూలుగానే కళ్ళు మూసుకుని ఉన్నారు. అయ్యాక లేచి, అద్దంలో చూసుకుని, నా వైపు తిరిగి అన్నారు: "ఏమాటకామాటే చెప్పుకోవాలి. మీ చెయ్యి ఎంత తేలికండీ! అసలు తెలియనే లేదు."

అమ్మాయి నాకేసి చూసింది. ఊరుకోమన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నాది కాదండీ," అన్నాను. "మా అమ్మాయిది. నాకంటే తేలిక."

చెప్పగలనని అనుకోలేదు. చెప్పాక మళ్ళీ చెప్పాలనిపించింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అడక్కుండానే చెప్పాను. అమ్మాయి విసుక్కుంది.

సాయంత్రం తెల్ల డయల్ వాచీ దాని చేతికి పెట్టబోయాను.

"వద్దమ్మా. గ్లవ్ కింద ఇరుక్కుంటుంది. పైగా దానికి రోజూ కీ ఇవ్వాలి. నాకు పళ్ళు తోముకునే తీరికే లేదు."

పళ్ళ డాక్టరు అనాల్సిన మాటేనా అది? సరే, తీసి పెట్టెలో పెట్టేశాను. ఏడవలేదు. నా వాచీలు అప్పుడే ఎవరికో పంచాల్సినంత తొందర నాకూ లేదు.

మే 14

షోరూముకి వెళ్ళాం. మా ఆయన ఎందుకని అడగలేదు, చెప్పులు వేసుకున్నారు.

మెత్తటి కుర్చీలో ఆయన పక్కన కూర్చోగానే, అమ్మే కుర్రవాడు ట్రే తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "సార్‌కి ఎలాంటిది చూపించమంటారు?"

"నాకు కాదు నాయనా. ఆవిడకి."

"మేడమ్‌కైతే సన్నవి, రాళ్ళు పొదిగినవి లోపలున్నాయి, తెస్తాను."

"బటన్లు ఎడమవైపు ఉండే క్రోనోగ్రాఫు కావాలి," అన్నాను. "కుడిచేతికి పెట్టుకుంటే ఎడమ బొటనవేలికి అందేది. పెద్ద డయల్. నల్లది. చేత్తో కీ ఇచ్చేదైతే ఇంకా మంచిది."

కుర్రవాడు ఇప్పుడు నన్ను సరిగా చూశాడు. లోపలికి వెళ్ళి, పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నల్ల డయల్, నల్ల బెల్టు, కీ ఎడమవైపు. అద్దంలో దీపం తిరగబడి మెరిసింది. రోగం వస్తే ఈ వాచీల జబ్బు తగ్గుతుందేమో అనుకున్నాను ఒకప్పుడు. పిసరంత కూడా తగ్గలేదు.

కుడి మణికట్టుకి కట్టించుకున్నాను. చెయ్యి వణుకుతోంది. వాచీ దానితోపాటు వణుకుతోంది. కుర్రవాడు ఆ చేతిని పట్టుకుని నిలబెట్టబోయాడు. "నేను నొక్కి చూపిస్తాను మేడమ్."

"వదిలెయ్ బాబూ. అది అలాగే ఉంటుంది. వాచీ దానికి అలవాటు పడాలి."

మోచెయ్యి గాజుబల్లకి ఆనించి, ఎడమ బొటనవేలితో నొక్కాను. ముల్లు మొదలైంది. చెయ్యి ఎంత ఊగుతున్నా అది దాని దారిన, ఒక్కో గీతా దాటుకుంటూ నిదానంగా తిరిగింది. పెద్దాయన, కుర్రవాడు, మా ఆయన, ముగ్గురూ వంగి చూస్తున్నారు. ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆపలేదు. చూడనీ.

బిల్లు కట్టి బయటికొచ్చాక, షోరూము అద్దంలో మా ఇద్దరి నీడలూ పడ్డాయి. నా ఎడమచేతికి జంటముళ్ళది, కుడిచేతికి కొత్తది.

"రెండు చేతులకీ రెండు వాచీలేంటోయ్? దొంగసొత్తు అమ్ముకునేదానిలా ఉన్నావు," అన్నారు మా ఆయన.

"మహారాణిలా ఉన్నాను," అన్నాను. "తలుపు తియ్యండి."

కారు తలుపు తీసి, కాస్త వంగి మరీ పట్టుకున్నారు. ఎక్కి కూర్చున్నాను.